జావాలో వేరియబుల్స్: మిర్చి యార్డు లెక్కతో మొదటి పాఠం

జావా మొదలుపెట్టిన పిల్లలు వేరియబుల్స్ (విలువల్ని పేరు పెట్టి దాచుకునేవి) పాఠాన్ని అరగంటలో దాటేస్తారు. పేరు, టైపు, విలువ అని మూడు ముక్కలు నోట్సులో రాసుకుని లూపుల (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) మీద పడతారు. కొన్నాళ్లకి "ప్రోగ్రాం రన్ అవుతోంది సార్, లెక్కే తేడా వస్తోంది" అని వస్తారు. తీరా చూస్తే లూపు బాగానే ఉంటుంది. తేడా పైన మొదటి నాలుగు లైన్లలో, టైపు ఎంచుకున్న చోట ఉంటుంది. అందుకే ఇక్కడ పేర్ల సంగతి, సింటాక్స్ (కోడ్ రాసే పద్ధతి) సంగతి గబగబా చెప్పేసి, టైపుల దగ్గర తీరిగ్గా కూర్చుందాం.

ఉదాహరణకి గుంటూరు మిర్చి యార్డు లెక్క తీసుకుంటున్నాను. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్‌గా దానికి పేరుంది. రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతాడు, కాటా వేస్తారు, క్వింటాకి ఇంత అని ధర ఖాయమవుతుంది, చీటీ మీద మొత్తం రాస్తారు. ఆ చీటీని జావాలో రాయడమే మన పని. ధరలూ బరువులూ లెక్క కోసం నేను వేసుకున్నవే, ఇవాళ్టి మార్కెట్ రేట్లు కావు.

ముందుగా కావలసినవి

జేడీకే, అంటే జావా ప్రోగ్రాంలు రాసి నడపడానికి కావలసిన సరంజామా, ఇన్‌స్టాల్ చేసుకోండి. ఒరాకిల్ సైట్లో దొరుకుతుంది, అడాప్టియం సైట్లోనూ దొరుకుతుంది, ఏదైనా పరవాలేదు. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25 తీసుకుంటే చివర్లో రాసే ప్రోగ్రాం యథాతథంగా నడుస్తుంది. ఎక్లిప్స్, ఇంటెల్లిజే లాంటి పెద్ద ఎడిటర్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. మొదటి వారం వాటి మెనూలు వెతుక్కోవడానికే సరిపోతుంది.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి జేషెల్ అని కొట్టండి. అన్నీ చిన్నబడి అక్షరాలు, మధ్యలో ఖాళీ లేదు. 2017లో జావా 9తో వచ్చిన సాధనం ఇది. క్లాసు, మెయిన్ లాంటి తతంగం ఏమీ లేకుండా ఒక్కో లైను కొట్టి, దాని ఫలితం అక్కడికక్కడే చూసుకోవచ్చు. వేరియబుల్స్ నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. చాలా కాలేజీ ల్యాబుల్లో దీని పేరు కూడా చెప్పకపోవడం విచిత్రం.

ఒక మాట. ఈ పాఠంలో కోడ్‌ని పైకి చదివినట్టు తెలుగు లిపిలోనే రాశాను. ఇంట్, డబుల్, లాంగ్, స్ట్రింగ్ లాంటి జావా సొంత పదాల్ని మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. అన్నీ చిన్నబడిలో. స్ట్రింగ్‌కి మాత్రం మొదటి అక్షరం పెద్దబడి. వేరియబుల్ పేర్లు మాత్రం మీ ఇష్టం. జావా యూనికోడ్ అక్షరాల్ని ఒప్పుకుంటుంది కాబట్టి ధర, బరువు అని తెలుగులో పెట్టినా కంపైల్ అవుతుంది, అంటే జావా నడపగల రూపంలోకి మారుతుంది (మార్చేది కంపైలర్). విండోస్ కమాండ్ ప్రాంప్ట్ తెలుగు అక్షరాల్ని ప్రశ్నార్థకాలుగా చూపిస్తే కంగారు పడకండి, అవే పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ఉద్యోగంలో చేరాక ఎలాగూ పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి.

మొదటి అడుగు: ఒక వేరియబుల్

```
ఇంట్ ధర = 14500;
```

ఎంటర్ కొట్టగానే జేషెల్ ఇలా జవాబిస్తుంది:

```
ధర ==> 14500
```

ఇంట్ అనేది టైపు, అంటే ఇందులో పూర్ణసంఖ్య మాత్రమే ఉంటుందని జావాకి మనం ఇచ్చే మాట. ధర అనేది పేరు. 14500 విలువ. చివర సెమికోలన్. జేషెల్ దాన్ని మర్చిపోయినా ఊరుకుంటుంది, ఫైల్లో రాసేటప్పుడు ఊరుకోదు.

మధ్యలో ఉన్న ఆ సమం గుర్తు లెక్కల క్లాసులోది కాదు. కుడివైపున ఉన్నదాన్ని ముందు లెక్కగట్టి, వచ్చిన విలువని ఎడమవైపు పేరులో పెట్టమని దాని అర్థం. ఇది మనసులో పడితే కింది లైను వింతగా అనిపించదు:

```
ధర = ధర + 300;
```

ఇప్పుడు ధర 14800. ఇక్కడ మళ్లీ ఇంట్ అని రాయలేదు చూడండి. టైపు ఒక్కసారి, పుట్టించినప్పుడే చెప్పాలి. ఫైల్లో అదే పేరుకి రెండోసారి ఇంట్ అని రాస్తే, ఇది ముందే ఉంది అని కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది. జేషెల్ మాత్రం కిక్కురుమనకుండా పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టుకుంటుంది. ప్రయోగాలకి అది సౌకర్యమే గానీ అలవాటు చేసుకోకండి.

తర్వాత ఇది కొట్టండి:

```
ఇంట్ పాతధర = ధర;
ధర = 15000;
పాతధర
```

మూడో లైనుకి 14800 అని వస్తుంది. వేరియబుల్ అంటే డబ్బా లాంటిది అని అందరూ చెబుతారు. ఆ పోలిక ఇక్కడే తేడా కొడుతుంది. డబ్బాలో ఉన్నది తీసి ఇంకో డబ్బాలో పోస్తే మొదటిది ఖాళీ అవుతుంది. జావాలో విలువకి నకలు వెళుతుంది, మొదటిది అలాగే ఉంటుంది. ఆ తర్వాత ధర ఎంత మారినా పాతధరకి సంబంధం లేదు.

పేర్ల సంగతి

పేరు అంకెతో మొదలవకూడదు. యార్డులో 334, 341 అని మిర్చి రకాలున్నాయి కదా. 334ధర అని పేరు పెడితే ఎర్రర్, ధర334 అంటే సరే. పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఇంట్, క్లాస్ లాంటి జావా సొంత పదాలు పేర్లుగా పనికిరావు. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టినప్పుడు పెద్దబడి, చిన్నబడి వేరువేరు. పెద్ద డీతో రాసిన ధరా చిన్న డీతో రాసిన ధరా జావాకి ఇద్దరు మనుషులు. సింబల్ కనపడట్లేదు అనే ఎర్రర్ వస్తే ముందు చూసుకోవలసింది అదే.

ఎక్స్, వై, ఏ1, ఏ2 అని పెట్టకండి. పరీక్ష పేపర్లో చెల్లుతుంది, నెల తర్వాత మీ కోడ్ మీకే అర్థం కాదు.

రెండో అడుగు: టైపులు

జావాలో మూల టైపులు ఎనిమిది: బైట్, షార్ట్, ఇంట్, లాంగ్, ఫ్లోట్, డబుల్, క్యార్, బూలియన్. ఎనిమిదింటినీ బైట్లతో సహా బట్టీ పట్టిస్తారు గానీ రోజువారీ పనిలో ఇంట్, లాంగ్, డబుల్, బూలియన్ నాలుగూ వస్తే చాలు. వీటికి తోడు అక్షరాల కోసం స్ట్రింగ్. అది మూల టైపు కాదు, క్లాసు. పెద్దబడి అక్షరంతో మొదలయ్యేది అందుకే.

ఇప్పుడు చీటీ రాద్దాం. తేజ రకం 52 టిక్కీలు, మొత్తం బరువు 2083 కిలోలు, క్వింటా 14500.

```
ఇంట్ బరువు = 2083;
ఇంట్ ధర = 14500;
ఇంట్ క్వింటాళ్లు = బరువు / 100;
ఇంట్ మొత్తం = క్వింటాళ్లు * ధర;
```

మొత్తం ఎంత వచ్చింది? 290000. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, చూడ్డానికి ముచ్చటైన అంకె. కాగితం మీద చేసి చూడండి: 20.83 క్వింటాళ్లు, 302035 రూపాయలు రావాలి. రైతుకి 12035 రూపాయలు బొక్క!

జరిగింది ఇది. భాగించేవాడూ భాగించబడేవాడూ ఇద్దరూ ఇంట్ అయితే జావా జవాబు కూడా ఇంటే ఇస్తుంది. 2083ని 100తో భాగిస్తే 20 వచ్చింది, మిగిలిన 83 కిలోలు గాల్లో కలిసిపోయాయి. గుండ్రం చేయడం కూడా కాదు ఇది, కత్తిరించేయడం. 2099 కిలోలున్నా 20 క్వింటాళ్లే అంటుంది.

అయితే క్వింటాళ్లని డబుల్ చేస్తే సరిపోతుందా? చేసి చూడండి:

```
డబుల్ క్వింటాళ్లు = బరువు / 100;
```

20.0 వస్తుంది. చాలామంది ఇక్కడే జుట్టు పీక్కుంటారు. కుడివైపు ముందు పూర్తవుతుందని ఇందాక అనుకున్నాం కదా. ఇంట్‌ని ఇంట్‌తో భాగించడం, 83 పోవడం అక్కడే అయిపోయాయి. ఆ తర్వాత 20ని తెచ్చి డబుల్‌లో పెట్టింది. పోయింది తిరిగి రాదు. ఇద్దరిలో ఒకరైనా భాగించకముందే డబుల్ అయి ఉండాలి:

```
డబుల్ క్వింటాళ్లు = బరువు / 100.0;
డబుల్ మొత్తం = క్వింటాళ్లు * ధర;
```

ఇప్పుడు 20.83, 302035.0 వస్తాయి.

అలాగని ఇంట్ భాగహారం చెడ్డదని కాదు. ఊళ్లో ఎవరూ ఇరవై పాయింటు ఎనిమిది మూడు క్వింటాళ్లు అనరు, ఇరవై క్వింటాళ్ల ఎనభై మూడు కిలోలు అంటారు. అలా చెప్పాలంటే కత్తిరించే భాగహారమే కావాలి. బరువు / 100 అంటే 20, బరువు % 100 అంటే మిగిలిన 83. శాతం గుర్తు జావాలో శేషాన్ని ఇస్తుంది. నిమిషాల్ని గంటలుగా మార్చడానికీ ఈ జంటే పనికొస్తుంది.

ఇక డబుల్ విలువని ఇంట్‌లో పెట్టబోతే జావా ఒప్పుకోదు. పాజిబుల్ లాసీ కన్వర్షన్ అంటుంది, అంటే ఏదో పోతుందేమో చూసుకో అని. ముందు బ్రాకెట్‌లో ఇంట్ అని పెట్టి బలవంతం చేయవచ్చు. (ఇంట్) 20.99 అంటే 20 వస్తుంది, 21 కాదు. దగ్గరి అంకె కావాలంటే మ్యాథ్.రౌండ్ వాడాలి, మ్యాథ్‌లో మొదటి అక్షరం పెద్దబడి.

మూడో అడుగు: ఇంట్‌లో పట్టనిది

ఇంట్‌లో పట్టే అతిపెద్ద అంకె 2147483647. మన లెక్కలో 214 కోట్ల పైచిలుకు. అంత డబ్బు మన చీటీలో ఎక్కడుంటుంది అనుకుంటాం. పెద్ద వ్యాపారి సరుకు 1500 క్వింటాళ్లు అనుకోండి, అంటే 150000 కిలోలు. భాగించేటప్పుడు కిలోలు పోకూడదు కాబట్టి తెలివిగా ముందు గుణించి, తర్వాత భాగిద్దాం:

```
ఇంట్ మొత్తం = 150000 * 14500 / 100;
```

రావలసింది 2 కోట్ల 17 లక్షల 50 వేలు. వచ్చేది మైనస్ 21199672. సరుకు అమ్మినవాడే ఎదురు బాకీ పడ్డాడు!

తుది జవాబు ఇంట్‌లో హాయిగా పడుతుంది. మధ్యలో వచ్చిన లబ్ధం 217 కోట్ల 50 లక్షలు, అది పట్టలేదు. హద్దు దాటిన ఇంట్ చుట్టూ తిరిగి రుణాత్మక సంఖ్యల్లోకి పోతుంది. ఇక్కడా జావా నోరెత్తదు.

మందు లాంగ్. అందులో తొమ్మిది తర్వాత పద్దెనిమిది సున్నాలు పెట్టినంత పెద్ద అంకె పడుతుంది. అయితే ఎడమవైపు లాంగ్ అని రాసి ఊరుకుంటే మళ్లీ పాత కథే, కుడివైపు గుణకారం ఇంట్‌లోనే జరిగిపోతుంది. గుణించేవాళ్లలో ఒకరు లాంగ్ అయి ఉండాలి. అంకె పక్కన క్యాపిటల్ ఎల్ అక్షరం పెడితే అది లాంగ్ అవుతుంది:

```
లాంగ్ మొత్తం = 150000ఎల్ * 14500 / 100;
```

21750000. చిన్నబడి ఎల్ కూడా చెల్లుతుంది గానీ అది ఒకటి అంకెలా కనిపించి మోసం చేస్తుంది, వాడకండి.

సున్నాలు లెక్కపెట్టుకోలేక తికమక పడేవాళ్లకి జావా 7 నుంచి ఒక సదుపాయం ఉంది. అంకెల మధ్య అండర్‌స్కోర్ పెట్టవచ్చు. ఎక్కడ పెట్టాలనే నియమం లేదు కాబట్టి మన లక్షలు, కోట్ల పద్ధతిలో 2_17_50_000 అని రాసుకోవచ్చు.

డబ్బుకి డబుల్ వద్దు

జేషెల్‌లో 0.1 + 0.2 కొట్టండి. 0.30000000000000004 వస్తుంది. మీ జావా పాడవలేదు. డబుల్ సంఖ్యల్ని రెండు ఆధారంగా దాచుకుంటుంది. మూడో వంతుని దశాంశాల్లో రాయబోతే 0.333 అంటూ ఎలా తెగదో, పదో వంతు ఆ పద్ధతిలో అలా తెగదు. దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది. కిలోలకీ కిలోమీటర్లకీ ఇది పెద్ద సమస్య కాదు. వేల చీటీలు కూడే చోట పైసలు తేలకపోతే ఆడిటరు ఊరుకోడు. డబ్బుని పైసల్లోకి మార్చి లాంగ్‌లో పెట్టుకోవడం ఒక మార్గం. బిగ్‌డెసిమల్ అనే క్లాసు ఇంకో మార్గం, అది తర్వాత నేర్చుకోవచ్చు.

నాలుగో అడుగు: అంకెల్లా కనిపించే అక్షరాలు

విజయవాడ ఎస్టీడీ కోడ్‌ని ఇంట్‌లో పెట్టి చూడండి:

```
ఇంట్ కోడ్ = 0866;
```

ఎర్రర్. సున్నాతో మొదలైన పూర్ణసంఖ్యని జావా ఎనిమిది ఆధారంగా రాసిన సంఖ్య అనుకుంటుంది. ఆ పద్ధతిలో 8 అనే అంకే లేదు. గుంటూరు 0863కీ అదే గతి. ఎర్రర్ రావడం మన అదృష్టం. 010 అని రాస్తే ఎర్రర్ లేకుండా 8 అని తీసుకుంటుంది.

పది అంకెల ఫోన్ నంబరు ఇంట్‌లో పట్టదు. లాంగ్‌లో పడుతుంది గానీ ఎందుకు? రెండు ఫోన్ నంబర్లు ఎవరైనా కూడుతారా? కూడికా తీసివేతా చేయనిది ఏదైనా స్ట్రింగే. పిన్‌కోడ్, రైలు నంబరు, హాల్ టికెట్ నంబరు అన్నీ ఆ కోవలోవే.

గుంటూరు వాళ్లకి ఇంకో మంచి ఉదాహరణ ఉంది. బ్రాడీపేటలో అడ్రసు చెప్పాలంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డుని 4/14 అని రాస్తాం. కోట్స్ లేకుండా జేషెల్‌లో 4/14 కొడితే సున్నా వస్తుంది. నాలుగుని పద్నాలుగుతో భాగించి, చిల్లర కత్తిరించి పారేసింది. కోట్స్ పెడితేనే అది అడ్రసు:

```
స్ట్రింగ్ అడ్రసు = "బ్రాడీపేట 4/14";
```

స్ట్రింగ్‌తో ప్లస్ గుర్తు వాడితే కూడదు, అతికిస్తుంది. "మొత్తం " + 100 + 50 అంటే "మొత్తం 10050" వస్తుంది. ఎడమ నుంచి కుడికి పోతుంది కాబట్టి ముందు 100 అతుక్కుంది, తర్వాత 50 అతుక్కుంది. కూడిక కావాలంటే (100 + 50) అని బ్రాకెట్ కట్టాలి. రెండు స్ట్రింగులు ఒకటేనా అని చూడ్డానికి జంట సమం గుర్తు వాడకండి, ఈక్వల్స్ వాడండి. జంట సమం గుర్తు రెండూ మెమరీలో ఒకే వస్తువా అని చూస్తుంది, అక్షరాలు పోల్చదు.

మనం తెలుగువాళ్లం కాబట్టి ఇదొకటి. "గుంటూరు".లెంగ్త్() అని కొడితే ఎంత వస్తుంది? గుం, టూ, రు మూడే కదా అనుకుంటాం. 7 వస్తుంది. గ, కొమ్ము, సున్న, ట, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. క్యార్ టైపులో ఒక అక్షరం పడుతుంది అంటారు గానీ, ఒక్క గుణింతపు అక్షరం కూడా అందులో పట్టదు. తెలుగు వచనంతో పని ఉంటే క్యార్‌ని వదిలేసి స్ట్రింగ్‌తోనే నడిపించండి.

బూలియన్ గురించి చెప్పేది తక్కువ. ట్రూ లేదా ఫాల్స్, అంతే. డబ్బు అందిందా లేదా అనే చోట 0, 1 పెట్టకుండా దీన్ని వాడండి.

ఐదో అడుగు: ఫైల్లో రాసేటప్పుడు

జేషెల్‌లో ఇంట్ ఎక్స్ అని విలువ ఇవ్వకుండా వదిలేస్తే అది సున్నా పెట్టుకుంటుంది. మెథడ్ (కింద వచ్చే మెయిన్ లాంటి, పేరు పెట్టిన కోడ్ ముక్క) లోపల రాసిన వేరియబుల్‌కి జావా అలా ఏమీ పెట్టదు. విలువ ఇవ్వకుండా వాడబోతే కంపైల్ కాదు. మొదట్లో ఇది చాదస్తంలా అనిపిస్తుంది, కానీ చెత్త విలువతో లెక్క నడవడం కన్నా ఇది నయం.

మీసాల బ్రాకెట్ల మధ్య పుట్టిన వేరియబుల్ ఆ బ్రాకెట్ల మధ్యే బతుకుతుంది. ఇఫ్ లోపల పుట్టించి బయట వాడబోతే సింబల్ కనపడట్లేదంటుంది. బయట కావాలంటే బయటే పుట్టించాలి.

మారకూడని విలువకి ముందు ఫైనల్ అని పెట్టండి. ఎవరైనా పొరపాటున మార్చబోతే కంపైలరే ఆపుతుంది. 2018లో జావా 10తో వార్ అనే పదం కూడా వచ్చింది. టైపు రాయకుండా వార్ అంటే, కుడివైపు విలువని చూసి జావానే టైపు తేల్చుకుంటుంది. నేర్చుకునే దశలో మాత్రం దాని జోలికి పోకపోవడం మంచిది. ఏ టైపో తేల్చుకోవడమే ఇప్పుడు మీరు నేర్చుకుంటున్న పని, దాన్ని జావాకి అప్పగిస్తే ఎలా?

ఇప్పుడు మొత్తం చీటీ. క్వింటాకి 100 కిలోలు, రూపాయికి 100 పైసలు. కాబట్టి కిలోల్ని క్వింటా ధరతో గుణిస్తే వచ్చేది నేరుగా పైసల్లో మొత్తం. భాగహారమే అక్కర్లేదు, డబుల్ అక్కర్లేదు, ఒక్క పైసా పోదు.

```
వాయిడ్ మెయిన్() {
    ఫైనల్ ఇంట్ రూపాయికి_పైసలు = 100;
    స్ట్రింగ్ రకం = "తేజ";
    ఇంట్ టిక్కీలు = 52;
    ఇంట్ బరువు = 2083;
    ఇంట్ ధర = 14550;

    లాంగ్ పైసలు = (లాంగ్) బరువు * ధర;

    ఐవో.ప్రింట్ఎల్ఎన్(రకం + " " + టిక్కీలు + " టిక్కీలు");
    ఐవో.ప్రింట్ఎల్ఎన్(పైసలు / రూపాయికి_పైసలు + " రూపాయల "
        + పైసలు % రూపాయికి_పైసలు + " పైసలు");
}
```

ఐవోలో రెండక్షరాలూ పెద్దబడి. ప్రింట్ఎల్ఎన్ అంతా చిన్నబడి, చివరి రెండూ ఎల్, ఎన్. ఫైల్ని లెక్క అనే పేరుతో, చివర చుక్క జావా పెట్టి సేవ్ చేయండి. కమాండ్ ప్రాంప్ట్‌లో జావా అని కొట్టి, పక్కన ఆ ఫైలు పేరు ఇవ్వండి. విడిగా కంపైల్ చేయక్కర్లేదు. జావా 25 కన్నా పాతది ఉంటే క్లాసు, పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ పాత పద్ధతిలో రాసి, ఐవో బదులు సిస్టమ్.అవుట్ వాడాలి.

ఈసారి ధర 14550 పెట్టాను, కావాలనే. 303076 రూపాయల 50 పైసలు రావాలి. వచ్చాక, ముందు గుణించి 100తో భాగించి ఇంట్‌లో పెట్టే పాత పద్ధతిలో ఇదే లెక్క చేసి, ఆ 50 పైసలు ఏమయ్యాయో చూడండి. తర్వాత బరువు ముందున్న బ్రాకెట్ లాంగ్‌ని తీసేసి బరువు 150000 చేయండి. ఎడమవైపు లాంగ్ అలాగే ఉన్నా జవాబు మైనస్‌లోకి ఎందుకు పోయిందో పక్కవాడికి మీ మాటల్లో చెప్పగలిగితే లూపుల పాఠం తెరవచ్చు.